ఎర్రపిట్టా, మూడంకెలూ

మా అక్కకి కోపం రాదు. ఆవిడ గొప్పతనం చాటడానికి ఈ మాట చెప్పడం లేదు, దానితో నాకొచ్చిన చిక్కు చెబుతున్నాను. కోపం వచ్చే మనిషే అయితే ఆ మధ్యాహ్నం నన్ను నాలుగు ఉతికి ఉండేది. నేనూ తల వంచుకుని పడేవాణ్ణి, అక్కడికి పీడా విరగడయ్యేది. అలా జరగలేదు కాబట్టే ఇప్పుడు కూర్చుని ఇదంతా రాయాల్సి వస్తోంది.

అక్క డ్రై క్లీనింగ్ దుకాణం వెనక గదిలో పని చేస్తుంది. ఇరవై రెండేళ్లుగా అదే గది, అదే ముక్కాలి స్టూలు. ప్యాంట్లు పొట్టి చెయ్యడం, జిప్పులు మార్చడం, కోటు మోచేతి దగ్గర చిరిగితే చిరిగిన ఆనవాలు లేకుండా దారంతో అల్లెయ్యడం ఆవిడ పని. ఇస్త్రీ ఆవిరికి ఆ గదిలో గోడలు కూడా చెమటలు పడతాయి. దారం ఎంచాల్సి వస్తే మాత్రం అక్క గదిలో ఎంచదు. కోటునీ దారపు ఉండల్నీ ఒళ్లో పెట్టుకుని వెనక మెట్ల మీద ఎండపొడలో కూర్చుంటుంది. "ట్యూబులైటు అబద్ధాల కోరురా" అంటుంది. నలుపులో పదకొండు నలుపులున్నాయని నాకు చెప్పింది ఆవిడే. నాకు ఇప్పటికీ రెండే కనిపిస్తాయి, అందులో ఒకటి నీలమని తర్వాత తేలుతుంది.

ఒకసారి ఒక పెద్దమనిషి కోటు తీసుకెళ్లిన పావుగంటకే గొంతు చించుకుంటూ వెనక్కి వచ్చాడు. "అతకమని ఇస్తే అతకకుండానే ఇచ్చేస్తారా? చిరుగు ఎక్కడుందో కూడా మీకు తెలిసినట్టు లేదే!" అన్నాడు. అక్క నవ్వుతూ కోటు చెయ్యి తిరగేసి లోపలివైపు అల్లిక చూపించింది. ఆయన అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి, ఇంట్లోవాళ్లందరి కోట్లూ తెచ్చిచ్చాడు. చిరగనివి కూడా.

ఇక నా సంగతి. నేను ఫంక్షన్లకి వీడియోలు తీస్తాను. పెళ్లిళ్లు, బడి వార్షికోత్సవాలు, దుకాణాల ప్రారంభాలు. ఏడేళ్ల కిందట కొన్న కెమెరా డబ్బా మీద బంగారు రంగులో "4:2:2" అని అచ్చేసి ఉంది. దుకాణం వాడు "సార్, ఇది ఫోర్ టూ టూ" అన్నాడు. నేను తెలిసినట్టు తలూపాను. ఆ రోజు నుంచి ఎవరు కనబడినా ఆ మాటే. "ఫలానావాడి కెమెరా ఫోర్ టూ జీరో అండీ, రంగులు అంత నిలవవు. మనది ఫోర్ టూ టూ!" అదేమిటని ఎవరైనా అడిగితే చెయ్యి గాల్లో తిప్పి "అది టెక్నికల్" అనేవాణ్ణి. పెద్ద అంకె మంచిదనీ, సున్నా అశుభమనీ, అంతవరకే నాకు తెలుసు. ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుందని ఊరికే అన్నారా? చివరికి అదే నా పేరైపోయింది. టీ కొట్టు దగ్గర కూడా "ఏం ఫోర్ టూ టూ, ఇవాళ షూటింగు లేదా?" అనేవారు. నేను ఉబ్బిపోయేవాణ్ణి.

అక్కకి దుకాణం పని కాక సొంత కుట్టు ఒకటి ఉండేది. ఆదివారాలు, సెలవు రోజులు, భోజనం తర్వాత దొరికిన గంటలు పోగేసి ఏడాదిన్నర పాటు ఒకే గుడ్డ కుట్టింది. రెండు బారల గుడ్డ, నిండా ఆకులు. ఆ ఆకుల మధ్య ఒక ఎర్రపిట్ట. దూరం నుంచి చూస్తే ఉత్త పొద. నాలుగడుగులు దగ్గరికి వస్తే పిట్ట మెల్లగా బయటపడేది. ఒంటిపోగు దారంతో, ఈకకి ఈక, ఆకు ఈనెకి ఈనె పక్కపక్కనే కుట్టింది. ఎరుపూ ఆకుపచ్చా రెండూ ఒకే ముదురులో ఉండేలా దారాలు ఏరడానికే ఆవిడకి నాలుగు నెలలు పట్టింది. "ఒకటి లేతగా ఉంటే పిట్ట ముందే తెలిసిపోతుందిరా. రంగు ఒక్కటే చెప్పాలి అది పిట్టని" అంది. నాకు ఆ మాట అప్పుడు అర్థం కాలేదు. బాగుంది బాగుంది అన్నాను.

దూరపు నగరంలో పాతకాలపు వస్త్రాలని బాగుచేసే సంస్థ ఒకటి ఉంది. ఏటా ఆరుగురిని ఎంచుకుని, ఏడాది పాటు తమ పనిశాలలో పెట్టుకుని, తర్వాత అక్కడే ఉద్యోగం ఇస్తారు. వందల ఏళ్లనాటి గుడ్డల్ని చేత్తో తాకే పని. అక్క ఆ ప్రకటన ముక్క కత్తిరించి కుట్టుమిషను సొరుగులో పదకొండేళ్లు దాచుకుంది. వయసు పరిమితి దాటడానికి ఇంకొక్క ఏడాది ఉందనగా దరఖాస్తు పెట్టింది. మొదటి వడపోతకి గుడ్డ పంపక్కర్లేదు, వీడియో చాలన్నారు.

"వీడియోకేం, మనింట్లోనే ఉన్నాడుగా!" అంది అక్క. ఆ "మనింట్లోనే" అన్న మాట ఇప్పుడు తలుచుకుంటే ఎక్కడైనా దూరి దాక్కోవాలనిపిస్తుంది.

నేను దర్జాగా వెళ్లాను. కెమెరా అటూ ఇటూ నున్నగా జరగడానికి ఒక పట్టా కూడా అద్దెకి తెచ్చాను. దగ్గరకెళ్లి ముక్క ముక్కగా తీసి ఉంటే ఏ అంకెలున్నా గండం గడిచేది. కానీ దర్జా ఎలా వస్తుంది? గుడ్డంతా ఒకే ఫ్రేములో పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా జరిపాను. అరచేతంత కెమెరా తెరలో అంతా పచ్చగా కనబడింది. అక్క కూతురు, డిగ్రీ రెండో ఏడు చదువుతోంది, నా భుజం మీంచి తొంగి చూసింది.

"మామయ్యా, పిట్టేదీ?"

"తెర చిన్నదే. పెద్దదాంట్లో చూడు, ఎగిరొచ్చి నీ ముక్కు మీద వాలుతుంది."

"ఒకసారి నా లాప్‌టాప్‌లో పెట్టి చూద్దామా?"

"నువ్వు నాకు పని నేర్పకు" అని కసిరాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు తప్పు తెర మీద తోసేశాను. ఆ పిల్ల మొహం చిన్నబుచ్చుకుని లోపలికి పోయింది. ఆ ఇంట్లో ఆ రోజు కళ్లున్నది దానికొక్కదానికే.

వీడియోతో పాటు ఒక ఫారం పంపాలి. కెమెరా పట్టినవాళ్లు నింపాల్సిన గళ్లున్నాయి అందులో. వాటిలో ఒకటి "రంగు నమూనా నిష్పత్తి". అక్క "ఇదేంట్రా?" అంది. "అది నాకొదిలెయ్" అని పెన్ను లాక్కుని 4:2:2 అని పెద్దక్షరాలతో రాసి, కింద గీత గీసి మరీ సంతకం చేశాను.

ఆరు వారాలకి ఉత్తరం వచ్చింది. చేతిపని నాణ్యంగా ఉందట. కానీ రంగుల విషయంలో స్పష్టత లేదట. వీడియో వివరాలు సరిగానే ఉన్నందువల్ల లోపం గుడ్డలోనిదేనని భావిస్తున్నారట. ఎరుపూ ఆకుపచ్చా కలిసిపోయి బురదరంగుగా కనిపిస్తున్నాయట. దరఖాస్తుదారు ఒకసారి చూపు పరీక్ష చేయించుకుంటే మంచిదట. అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లో తెలపవచ్చట.

అక్క దాన్ని రెండుసార్లు చదివి మడతపెట్టింది. "నాకు బాగానే కనిపించిందే" అంది. అంతే అంది.

ఆ మర్నాడు పొద్దున్నే, ఏడేళ్లలో మొదటిసారి, నా కెమెరా పుస్తకం తీసి చదివాను. నూట పద్నాలుగో పేజీ అడుగున చీమతలకాయంత అక్షరాలు. కార్డు మీద రికార్డు చేస్తే 4:2:0. వైరు పెట్టి బయటి రికార్డరుకి పంపిస్తేనే 4:2:2. నేనేనాడూ వైరు పెట్టినవాణ్ణి కాదు. అసలు ఆ వైరు సంచి అడుగున ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా పడి ఉంది. ఏడేళ్లుగా నేను ఫోర్ టూ జీరోనే. నేను వెక్కిరించినవాళ్లందరూ, నేనూ, ఒకే తాను ముక్కలం.

అప్పుడు కూర్చుని ఆ అంకెల అర్థం నేర్చుకున్నాను. బొమ్మంటే చుక్కలు. ప్రతి చుక్కకీ ఎంత వెలుగు, ఏ రంగు అని రెండు కబుర్లుండాలి. మనిషి కన్ను వెలుగునీ చీకటినీ పట్టినంత బాగా రంగుని పట్టదు కాబట్టి కెమెరా రంగు దగ్గర పొదుపు చేస్తుంది. 4:4:4 అయితే ప్రతి చుక్కకీ తన రంగు తనదే. 4:2:2 అయితే పక్కపక్కనున్న ఇద్దరికీ ఒక రంగు. 4:2:0 అయితే పైన ఇద్దరు, కింద ఇద్దరు, వెరసి నలుగురికీ కలిపి ఒకే కంచం. పెళ్లికూతురి చెంపలోనో, గోడ మీదో నలుగురూ తినేది ఒకటే కాబట్టి ఎవరికీ తేడా తెలియదు. మా అక్క గుడ్డలో ఒక చుక్క ఎర్రదారం, పక్క చుక్క పచ్చదారం. ఒకే కంచంలో కలిపితే బురద. పోనీ వెలుగైనా పిట్టని కాపాడుతుందా అంటే, ఆ రెండింటి వెలుగూ ఒకటే ఉండాలని నాలుగు నెలలు ఏరింది కదా మా తల్లి! లోకంలో ఎవరి గుడ్డైనా ఆ కెమెరా ముందు బతికేది, మా అక్కది తప్ప.

ముప్పై రోజులున్నాయి. ఒక్క ఉత్తరం రాస్తే చాలు: అయ్యా, తప్పు నాది, ఆ అంకె అబద్ధం. రాయలేదు. ఎందుకు రాయలేదో చెప్పడానికి నా దగ్గర పెద్ద కారణమేమీ లేదు. సిగ్గు. టీ కొట్టు దగ్గర నవ్వుతారని సిగ్గు. నా పేరు పోతుందని సిగ్గు. ఆ పేరేమైనా తాతముత్తాతలిచ్చిందా, డబ్బా మీద అచ్చేసింది! దానికోసం తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. ముప్పయ్యో రోజు ఇంకో ఊళ్లో ఎవరిదో పుట్టినరోజు షూటింగు పెట్టుకున్నాను, కావాలనే.

అక్క కంటి డాక్టరు దగ్గరకెళ్లింది. చుక్కల్లో దాగిన అంకెలు చూపించి, రంగులన్నీ బాగానే గుర్తుపడుతున్నారమ్మా, వయసుకి తగ్గ అద్దాలు పెట్టుకోండి చాలు అన్నాడాయన. అక్క అద్దాలైతే పెట్టుకుంది, ఆయన మాట మాత్రం నమ్మలేదు. "పెద్ద పెద్ద చుక్కలవి, ఎవరైనా చెప్తారు. ఒంటిపోగు పెట్టి చూపించాడా ఏమన్నానా?" అంది.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం నాకు పరీక్షే. నేను వెళ్లగానే టీ ఇచ్చి, దారాల డబ్బా తెచ్చి కిటికీ దగ్గర పెట్టేది.

"ఇదేం రంగురా?"

"ఎరుపు."

"ఇది?"

"ఆకుపచ్చ అక్కా. చిలకపచ్చకి కాస్త ముదురు."

"నిజంగానా?"

"నిజంగానే."

ఆవిడ నా మొహంలోకి ఒకసారి చూసి, డబ్బా మూసేసేది. నేను నిజమే చెబుతున్నానని లోపల్లోపల సర్దిచెప్పుకునేవాణ్ణి. గొంతులో ఉన్న అసలు మాటని టీతో పాటు మింగేసేవాణ్ణి.

ఒక ఆదివారం మాత్రం చెప్పేద్దామనే బయల్దేరాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. వెళ్లేసరికి అక్క చిన్న కత్తెర పట్టుకుని కూర్చుని ఉంది. ఒళ్లో ఏదో దుప్పటి కింద కప్పి ఉంది. బల్ల మీద గిన్నెలో ఎర్రదారపు ముక్కలు. "ఏం చేస్తున్నావక్కా?" అన్నాను. "ఏముంది, పాత కుట్టు సర్దుతున్నా" అంది. అంతలో మేనకోడలు లోపలి నుంచి వచ్చి, "మామయ్యా, మా కాలేజీ ఫంక్షన్‌కి నువ్వే రావాలి. ఫోర్ టూ టూ మా మామయ్యేనని అందరికీ చెప్పేశా!" అంది. కసిరినవాణ్ణి నేను, అయినా ఆ పిల్ల ఏదీ మనసులో పెట్టుకోలేదు. నా మాటలన్నీ ఎక్కడివక్కడ ఎగిరిపోయాయి. కాలేజీ ఫంక్షన్ తేదీ రాసుకుని వచ్చేశాను.

ఇలా ఏడు నెలలు. ఒక గురువారం మేనకోడలు ఫోన్ చేసింది. గొంతు బాగాలేదు.

"మామయ్యా, అమ్మ దుకాణంలో రంగుపని చెయ్యనని చెప్పేసింది. రేపట్నుంచి హోటల్ దుప్పట్లకి అంచులు కుడుతుందట. తెల్లవి. తెలుపైతే తప్పు పోదంది."

పదకొండు నలుపులు తెలిసిన మనిషి తెల్లదుప్పట్లు కుడుతుందట. నాకు కూర్చున్నచోట కూర్చోబుద్ధి కాలేదు. తెలిసిన ఎడిటరు దగ్గర బయటి రికార్డరు అడిగి తెచ్చి, వైరు కవరు చింపి, కెమెరా పుస్తకం చంకలో పెట్టుకుని ఆ మధ్యాహ్నమే అక్కింటికి వెళ్లాను.

అక్క ఆ పూట పనికి వెళ్లలేదు, కిటికీ దగ్గరే ఉంది. ఈసారి డబ్బా తేలేదు. నేను నిలబడే మొదలుపెట్టాను. తడబడుతుంటే, "కూర్చోరా, ఎవరైనా తరుముతున్నారా?" అంది. కూర్చుని, ఆవిడ సీసాలోంచి నాలుగు చొక్కా గుండీలు తీసి బల్ల మీద రెండు పైన, రెండు కింద పెట్టి చూపించాను. నూట పద్నాలుగో పేజీ చదివి వినిపించాను. అక్క అద్దాలు సర్దుకుని గుండీల వైపు చూసింది.

"అంటే వెలుగు ఎవరిది వాళ్లకే ఇస్తుంది, రంగు మాత్రం నలుగురికీ కలిపి ఒకటే?"

"అవునక్కా."

"మరి నా ఎరుపుకీ పచ్చకీ వెలుగొకటే కదరా."

"అదే అక్కా."

"ఓహో! అయితే దానికి పిట్టెలా కనపడుతుంది పాపం!" అంది. నాకు ఏడేళ్లు పట్టినది ఆవిడకి రెండు నిమిషాలు పట్టలేదు. పైగా పాపం అన్నది కెమెరాని. ఆ క్షణం మొహంలో ఎంత వెలుగొచ్చిందంటే, నేను గట్టెక్కాననే అనుకున్నాను. ఛీ, అప్పుడు కూడా నా గట్టు నేనే చూసుకున్నాను.

తర్వాత ఆ వెలుగు తగ్గింది.

"నీకెప్పుడు తెలిసింది?"

అబద్ధం చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. నిన్ననే అనొచ్చు. అనలేదు, ఏడు నెలల్లో నేను చేసిన మంచిపని అదొక్కటే.

"ఉత్తరం వచ్చిన మర్నాడే."

అక్క గుండీలు ఒక్కొక్కటే తీసి సీసాలో వేసింది. నాలుగోది చేతిలోనే పెట్టుకుంది.

"ప్రతి ఆదివారం నిన్నడిగేదాన్ని కదరా. ఎరుపంటే ఎరుపనేవాడివి, పచ్చంటే పచ్చనేవాడివి. నాకూ అలాగే కనిపించేది. అయినా నమ్మలేదు. తమ్ముడు కదా, అక్క బాధపడుతుందని అబద్ధమాడుతున్నాడు అనుకున్నా."

నిజం చెప్పినప్పుడు అబద్ధమనుకుంది, ఆ అబద్ధాన్ని ప్రేమనుకుంది. రెండూ నా పుణ్యమే.

"గుడ్డ తియ్యక్కా" అన్నాను. "ఇప్పుడే తీస్తా. దగ్గరగా, ఈక ఈకా కనపడేలా తీస్తా. వాళ్లకి నేనే ఉత్తరం రాస్తా, తప్పు నాదని సంతకం పెట్టి రాస్తా. గడువు దాటిందంటే కాళ్లు పట్టుకుంటా."

అక్క లేచి బీరువా తీసింది. గుడ్డ తెచ్చి మంచం మీద పరిచింది. ఆకులన్నీ ఉన్నాయి. ఈనెలతో సహా, వేటి పచ్చ వాటికే ఉంది. మధ్యలో బోడిగుడ్డ. కిటికీ వెలుగుకి సూది బెజ్జాలు సన్నగా కనిపించాయి, వందలు, పిట్ట ఆకారంలో.

"బురదలా ఉందన్నారుగా. ఎరుపు విప్పేశాను" అంది.

నేను వైరు చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఇక ఆ పిట్ట ఉన్న చోటు లోకంలో ఒక్క నా వీడియోనే. అందులో అది లేదు.

"ఎప్పుడు విప్పావక్కా?"

"చెప్పాలని వచ్చి చెప్పకుండా వెళ్లినట్టున్నావే, ఆ ఆదివారం. కత్తెర పట్టుకుని ఉన్నా, గుర్తుందా? ఏదో చెప్పబోయావు, నాకు తెలుస్తూనే ఉంది." గుడ్డ మీద బెజ్జాల్ని వేలితో నిమిరింది. "అప్పటికి ఒక్క రెక్కే పోయిందిరా."

నేను ఏడ్చాను. ఆవిడ నన్ను ఓదార్చలేదు, తిట్టనూ లేదు. కాసేపటికి స్టూలు వేసుకుని, బీరువా మీద దాచిన దారాల డబ్బా దించింది. మూత తీసి ఎరుపుల్ని కిటికీ దగ్గరికి పట్టుకుని చూసింది. ఒకటి పక్కన పెట్టింది, ఇంకొకటి తీసింది, మళ్లీ మొదటిదే తీసుకుంది. సూదిలో దారం ఎక్కించి, గుడ్డ కొస నా చేతికిచ్చి బిగించి పట్టుకోమంది.

నన్ను రంగు అడగలేదు.